పిల్లలు తగ్గితే ప్రతి బిడ్డకూ ఎక్కువ దక్కుతుందా? బడికి ముందు చదువు వెనక లెక్కలు

2023లో ఒక్క ఏడాదిలోనే చైనాలో 14,800కు పైగా కిండర్‌గార్టెన్లు తగ్గిపోయాయి. చేర్చుకోవడానికి పిల్లలు లేరు. దక్షిణ కొరియాలో కొన్ని శిశు సంరక్షణ కేంద్రాలు వృద్ధుల సంరక్షణ కేంద్రాలుగా మారాయి. ఇదొక వార్త. రెండో వార్త యూనిసెఫ్ 2019లో చెప్పింది: ప్రపంచంలో 17.5 కోట్ల మంది పిల్లలకు బడికి ముందు చదువు అందడం లేదు. బాగా పేద దేశాల్లో అయితే ఐదుగురిలో ఒక్కరికే ఆ అవకాశం ఉంది.

విడివిడిగా చదివితే రెండూ అర్థమవుతాయి. కలిపి చదివినప్పుడే తికమక. ఒకచోట కుర్చీలు ఖాళీ, ఇంకోచోట కుర్చీలే లేవు. పైగా పిల్లలు తగ్గుతున్నప్పుడు ఉన్నవాళ్లకు వాటా పెరగాలి కదా? ఆస్తిని ఆరుగురికి బదులు ఇద్దరికే పంచినట్టు. ఈ లెక్క కొంతవరకే నిజం. ఎక్కడ తప్పుతుందో చూడాలంటే ముందు కొన్ని మాటల అర్థాలు తేల్చుకోవాలి.

## ఒకే పేరుతో పిలిచే మూడు వేర్వేరు పనులు

బడికి ముందు చదువు అనగానే అక్షరాలు దిద్దించడం గుర్తొస్తుంది. పరిశోధకులు ఆ మాట వాడినప్పుడు మాత్రం పుట్టినప్పటి నుంచి సుమారు ఆరేళ్ల వరకు బిడ్డ మాట, ఆట, ఒంటి పెరుగుదల, ఇతరులతో మెలగడం అన్నీ అందులోకి వస్తాయి.

ఆ పేరు కింద మూడు రకాల పనులు జరుగుతుంటాయి. తల్లిదండ్రులు ఉద్యోగానికి వెళ్లేలా బిడ్డను పగలంతా చూసుకోవడం ఒకటి. మూడేళ్లు దాటిన పిల్లలకు రోజూ కొన్ని గంటల ప్రీస్కూల్ ఇంకొకటి. ఇంటికే వెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించడం మూడోది. వాదనల్లో ఒకరు మూడో రకం పథకం ఫలితం చెబుతారు, ఎదుటివారు మొదటి రకం ఫలితంతో కొట్టిపారేస్తారు. సగం గొడవ అక్కడే.

జనాభా వైపు తెలియాల్సిన మాట సంతానోత్పత్తి రేటు. ఒక స్త్రీకి జీవితకాలంలో సగటున ఎంతమంది పిల్లలు పుడతారన్న అంచనా అది. వలసలను పక్కన పెడితే, జనాభా నిలకడగా ఉండాలంటే అది 2.1 దగ్గర ఉండాలి. దక్షిణ కొరియాలో 2023లో 0.72కు పడిపోయింది, 2024లో కాస్త లేచి 0.75 అయింది. ఐక్యరాజ్యసమితి 2024 అంచనాల ప్రకారం సగానికి పైగా దేశాలు ఇప్పటికే 2.1 కంటే కింద ఉన్నాయి. ప్రపంచ జనాభా 2080ల మధ్యలో 1,030 కోట్ల దగ్గర శిఖరానికి చేరి ఆ తర్వాత తగ్గుముఖం పడుతుందట. కానీ ఈ తగ్గుదల అంతటా ఒకేలా లేదు. ఇవాళ ప్రపంచంలో పుడుతున్న బిడ్డల్లో దాదాపు మూడో వంతు సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలోనే పుడుతున్నారు. ప్రీస్కూళ్లు బాగా తక్కువగా ఉన్నదీ ఆ ప్రాంతంలోనే.

## ఐదేళ్లకే మెదడు తయారైపోతుందా?

ఐదేళ్లలోపే 90 శాతం మెదడు ఎదిగిపోతుందన్న మాట ప్రకటనల్లో, ఉపన్యాసాల్లో తరచూ వినిపిస్తుంది. అది మెదడు పరిమాణం గురించిన మాట. పెద్దవాళ్ల మెదడు సైజులో సుమారు 90 శాతం ఆ వయసుకు వచ్చేస్తుంది, నిజమే. దాన్ని 'నేర్చుకోవడం 90 శాతం అయిపోయింది' అని చదవడం తప్పు. ఇల్లు కట్టడం పూర్తయిందంటే కాపురం పూర్తయిందని కాదు. ఆ వాక్యం చదివి టెన్షన్ పడి, మూడేళ్ల బిడ్డను కోచింగ్‌లో చేర్చే తల్లిదండ్రులను చూస్తే జాలేస్తుంది.

మరి తొలి ఏళ్లకు ప్రత్యేకత లేదా? ఉంది. రుమేనియాలోని అనాథ శిశు కేంద్రాల్లో పెరుగుతున్న 136 మంది పిల్లలతో 2000లో బుకారెస్ట్‌లో ఒక అధ్యయనం మొదలైంది. సగం మందిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, పెంపకం కుటుంబాలకు అప్పగించారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు తెలివితేటల పరీక్షల్లో ముందున్నారు. అందులోనూ సుమారు రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. అయితే ఈ అధ్యయనం చెప్పేది తీవ్రమైన లేమి గురించి. పలకరించే మనిషే లేని చోటు నుంచి ఇంట్లోకి వచ్చిన బిడ్డకు కలిగే లాభం అది. అన్నీ ఉన్న ఇంట్లో ఇంకో ఖరీదైన బొమ్మ కొంటే అదే స్థాయి లాభం వస్తుందని దాని అర్థం కాదు.

ఆ 'పలకరింపు' అంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. మూడేళ్ల పాప కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని టీచర్ వైపు చూసింది. ఒక గదిలో టీచర్ గబగబా వంగి, చెప్పులు మార్చి, పక్క పిల్లాడి వైపు తిరిగింది. ఐదు సెకన్ల పని. ఇంకో గదిలో టీచర్ కింద కూర్చుని, "ఏంటి, నొక్కుతోందా? రెండూ పక్కపక్కన పెట్టి చూడు" అని ఆగింది. పాప తీసింది, పెట్టింది, మళ్లీ తప్పు వేసింది, నవ్వింది, ఈసారి సరిగ్గా వేసింది. నిమిషంన్నర పట్టింది. రెండు గదుల్లోనూ చెప్పులు సరిగ్గానే ఉన్నాయి. రెండో గదిలో మాత్రం పోల్చి చూడటం, ఓపిక పట్టడం, కొన్ని కొత్త మాటలు, 'నేను చేయగలను' అన్న ధీమా కూడా జరిగాయి.

మొదటి టీచర్ మంచిది కాదని దీని అర్థం కాదు. లెక్క వేయండి. మూడు గంటల ప్రీస్కూల్ అంటే 180 నిమిషాలు. 30 మంది పిల్లలుంటే తలకు 6 నిమిషాలు, 12 మంది ఉంటే 15 నిమిషాలు. నిమిషంన్నర ఒక్క చెప్పుల జతకే పోతే 30 మంది ఉన్న గదిలో ఆ పాప వాటాలో నాలుగో వంతు అయిపోయినట్టే.

## పెర్రీ నుంచి టెనెసీ దాకా: ఒకే ప్రశ్న, వేర్వేరు జవాబులు

ఈ రంగంలో అందరూ చెప్పే కథ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటి పట్టణంలో 1962లో మొదలైంది. పెర్రీ ప్రీస్కూల్ ప్రాజెక్టులో 123 మంది పేద నల్లజాతి పిల్లలను రెండు గుంపులు చేశారు. 58 మందికి ప్రీస్కూల్, మిగతా 65 మందికి ఏమీ లేదు. రోజుకు రెండున్నర గంటల తరగతి. ఒక్కో టీచర్‌కు ఆరుగురు పిల్లలు. దానికి తోడు టీచర్ వారానికోసారి ఇంటికి వెళ్లి గంటన్నర గడిపేవారు.

మొదట్లో ప్రీస్కూల్ పిల్లల ఐక్యూ బాగా పెరిగింది. ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆ తేడా దాదాపు కరిగిపోయింది. అక్కడితో ఆపేసి ఉంటే అదొక విఫల ప్రయోగంగా మిగిలేది. ఆపలేదు. ఆ పిల్లలకు 40 ఏళ్లు వచ్చాక చూస్తే, ప్రీస్కూల్‌కు వెళ్లినవాళ్ల సంపాదన ఎక్కువగా ఉంది. ఐదు సార్లు లేదా అంతకంటే ఎక్కువ అరెస్టయినవాళ్లు వారిలో 36 శాతం ఉంటే, రెండో గుంపులో 55 శాతం. ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం దీన్ని పెట్టుబడి భాషలోకి మార్చి, సమాజానికి ఏటా 7 నుంచి 10 శాతం రాబడి వచ్చినట్టని లెక్క కట్టింది. (హెక్‌మన్‌కు 2000లో నోబెల్ వచ్చింది ఈ పనికి కాదు, గణాంక పద్ధతులకు.)

జమైకాలో 1980లలో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం ఇంకా చవకైన దారిలో వెళ్లింది. ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లల్లో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ల పాటు వారానికోసారి వెళ్లి, ఇంట్లో చేసుకోగల బొమ్మలతో తల్లీబిడ్డలను ఆడించారు. 20 ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, అలాంటి సాయం అందని పిల్లల కంటే 25 శాతం ఎక్కువగా ఉంది.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు అమెరికాలోని టెనెసీ. ఆ రాష్ట్రం పేద పిల్లలకు నడుపుతున్న ప్రీస్కూళ్లలో సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ రావడంతో లాటరీ తీశారు. పరిశోధకులకు అది వరం. 2,990 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. ప్రీస్కూల్ అయిపోయిన వెంటనే సీటు దొరికినవాళ్లు ముందున్నారు. మూడో తరగతికి వచ్చేసరికి వెనకబడ్డారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆరో తరగతిలో వాళ్ల మార్కులు ఇంకా తక్కువ, క్రమశిక్షణ గొడవలు ఎక్కువ. ప్రీస్కూల్‌ను జీవితాంతం సమర్థించినవాళ్లకు ఈ ఫలితం మింగుడుపడలేదు.

బోస్టన్‌లో మరో వింత. అక్కడ 1997 నుంచి 2003 వరకు సీట్ల లాటరీలో గెలిచినవాళ్లను, ఓడినవాళ్లను పోలిస్తే స్కూలు పరీక్షల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ హైస్కూలు అయ్యాక నేరుగా కాలేజీకి వెళ్లినవాళ్ల శాతం, గెలిచినవాళ్లలో 8 పాయింట్లు ఎక్కువ. మార్కుల్లో కనిపించని లాభం నడవడికలో దాక్కుని పెద్దయ్యాక బయటపడిందని ఒక వివరణ. టెనెసీ పిల్లల విషయంలో కూడా అలాగే జరుగుతుందా? వాళ్లింకా ఇప్పుడిప్పుడే పెద్దవాళ్లవుతున్నారు.

## దేనితో పోలిస్తే లాభం?

పత్రికలు సాధారణంగా వదిలేసే సంగతి ఒకటుంది: సీటు దొరకని బిడ్డ ఎక్కడున్నాడు? 1960ల పెర్రీలో రెండో గుంపు పిల్లలు ఎక్కువగా ఇంట్లోనే ఉన్నారు. అమెరికాలో పేద పిల్లల కోసం 1965 నుంచి నడుస్తున్న 'హెడ్ స్టార్ట్' ప్రీస్కూల్ పథకాన్ని తర్వాతెప్పుడో పరీక్షించినప్పుడు, సీటు దొరకని పిల్లల్లో సుమారు మూడో వంతు వేరే ప్రీస్కూళ్లలో చేరిపోయారు. అంటే ప్రీస్కూల్‌ను మరో ప్రీస్కూల్‌తో పోల్చినట్టు.

లెక్క కోసం ఊహించుకుందాం. కొత్త కేంద్రంలో 100 సీట్లు. వాటిలో 40 మంది, ఇంట్లో పట్టించుకునే తీరిక ఎవరికీ లేని పిల్లలు. వాళ్లకు తలా 10 పాయింట్ల లాభం. మిగతా 60 మంది అంతకుముందే ఓ మంచి ప్రీస్కూల్‌లో ఉండి, ఇక్కడ ఫీజు లేదని మారినవాళ్లు. వాళ్లకు లాభం సున్నా. సగటు 4 పాయింట్లు. 'ఫలితం అంతంతమాత్రమే' అని శీర్షిక వస్తుంది. ఆ 40 మందికి మాత్రం అది అంతంతమాత్రం కాదు.

లెక్క తిరగబడవచ్చు కూడా. కెనడాలోని క్వెబెక్ 1997లో రోజుకు 5 డాలర్లకే పిల్లల సంరక్షణ మొదలుపెట్టింది. తల్లుల ఉద్యోగాలు బాగా పెరిగాయి. ఆ కోణంలో పెద్ద విజయం. కానీ పిల్లల్లో ఆందోళన, దూకుడు పెరిగాయని ఆర్థికవేత్తల అధ్యయనాలు చూపించాయి. హడావిడిగా విస్తరించడంతో చాలా కేంద్రాల్లో నాణ్యత అంతగా లేదు. ఇంట్లో తీరిగ్గా పెరిగే బిడ్డ కిక్కిరిసిన గదికి వెళ్తే నష్టపోవచ్చు. అదే పథకంలో తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే ఉన్న కుటుంబాల పిల్లలకు మేలు జరిగిందని తర్వాతి విశ్లేషణలు చెప్పాయి. అందుకే 'ప్రీస్కూల్ పనిచేస్తుందా' అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ఏ బిడ్డకు, దేని బదులు, ఎలాంటి గదిలో అన్నవి కలిస్తేనే అది ప్రశ్న అవుతుంది.

## ఇళ్ల సగటు వేరు, పిల్లల సగటు వేరు

ఇప్పుడు జనాభా దగ్గరికి వద్దాం. పది ఇళ్లున్నాయనుకుందాం. ఐదు కలిగినవి, ఇంటికి ఒక్కో బిడ్డ. ఐదు లేనివి, ఇంటికి ముగ్గురు. ఇళ్ల లెక్కలో పేదరికం 50 శాతం. పిల్లల లెక్కలో? మొత్తం 20 మందిలో 15 మంది పేద ఇళ్లలో ఉన్నారు, అంటే 75 శాతం. చాలా దేశాల్లో పేద కుటుంబాల్లో పిల్లలు ఎక్కువ కాబట్టి, కుటుంబాల సగటు చూసి పిల్లల పరిస్థితి అంచనా వేస్తే ఇలా మోసపోతాం.

ఇంకొంచెం ముందుకు పోదాం. కలిగిన ఇల్లు పిల్లల కోసం 90 యూనిట్లు ఖర్చు పెడుతుంది, లేని ఇల్లు 30. ఇంటికీ ఇంటికీ తేడా మూడు రెట్లే. బిడ్డకీ బిడ్డకీ చూస్తే 90, 10. తొమ్మిది రెట్లు.

ఇప్పుడు పేద ఇళ్లలోనూ ఒక్కో బిడ్డే పుట్టారనుకోండి. తేడా 90, 30. మళ్లీ మూడు రెట్లకు దిగింది. మొదట్లో అనుకున్న 'పిల్లలు తగ్గితే వాటా పెరుగుతుంది' అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఆర్థికవేత్త గ్యారీ బెకర్ చెప్పింది కూడా దాదాపు ఇదే: పిల్లల సంఖ్య తగ్గే కొద్దీ తల్లిదండ్రులు ఒక్కో బిడ్డ మీద పెట్టేది పెంచుతారు.

చిక్కేమిటంటే, పెంచేది పేదవాళ్లు ఒక్కరే కాదు. ఒక్కగానొక్క బిడ్డ వెనకపడకూడదని కలిగిన ఇల్లు 90ని 150 చేస్తుంది. తేడా ఐదు రెట్లు. దక్షిణ కొరియాలో చదువు కోసం పసితనం నుంచే ప్రైవేటు కోచింగ్ నడుస్తోంది. ఆ ఖర్చుకు భయపడే పిల్లల్ని కనడం లేదని చెప్పేవాళ్లూ అక్కడ చాలామంది. పోటీ వల్ల పిల్లలు తగ్గారు, తగ్గాక పోటీ పెరిగింది. చదువుకున్న తల్లుల పిల్లలకు తల్లిదండ్రుల సమయం, డబ్బు పెరుగుతుంటే, చదువు లేని తల్లుల పిల్లలకు అవి అందడం లేదని సామాజిక శాస్త్రవేత్త సారా మెక్‌లానహన్ 2004లోనే అమెరికా గురించి రాశారు.

## ముసలివాళ్లు పెరిగితే మూడేళ్ల బిడ్డ గురించి చర్చ ఎందుకు?

వెయ్యి మంది పుట్టే చోట 600 మందే పుడుతున్నారనుకుందాం. పెద్దయ్యాక వెయ్యి మంది తలా 100 చొప్పున లక్ష యూనిట్లు సంపాదించేవాళ్లు. పింఛన్లు, ఆసుపత్రి ఖర్చులకు ఆ లక్షా కావాలి. 600 మంది దాన్ని తేవాలంటే తలా 167 సంపాదించాలి. వాళ్లలో 180 మంది చిన్నప్పుడే వెనకబడి, 70 దగ్గరే ఆగిపోయారనుకోండి. మిగతా 420 మంది ఒక్కొక్కరూ 208 తేవాలి. వెనకబడ్డ బిడ్డ భారం ఆ బిడ్డ ఒక్కడిదే కాకుండా పోతుంది.

ప్రపంచ బ్యాంకు 2020లో వేసిన అంచనా ప్రకారం, ఇవాళ పుట్టిన సగటు బిడ్డ పూర్తి చదువు, పూర్తి ఆరోగ్యం ఉంటే ఎంత ఉత్పాదకత సాధించగలడో అందులో 56 శాతం దగ్గరే ఆగిపోతాడు. తెలివి ఉండీ వృథా అవుతోందనడానికి ఇంకా సూటిగా ఉండే ఆధారం ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం అమెరికా పేటెంట్ల మీద చేసిన పరిశోధన. ఆదాయంలో పై 1 శాతం కుటుంబాల పిల్లలు ఆవిష్కర్తలయ్యే అవకాశం, కింది సగం కుటుంబాల పిల్లలకున్న దానికంటే పది రెట్లు ఎక్కువ. మూడో తరగతి లెక్కల్లో సమానంగా మంచి మార్కులు వచ్చిన పిల్లల మధ్య కూడా తేడా మిగిలింది. అంటే ప్రీస్కూల్ ఒక్కటే దీన్ని సరిచేయలేదు. తొమ్మిదేళ్ల తర్వాత కూడా దారిలో గోడలున్నాయి.

ఈ ఉత్పాదకత భాషంటేనే కొందరికి ఒళ్లుమంట. బిడ్డను రేపటి పన్ను కట్టేవాడిగా చూడటం ఏమిటని వాళ్ల అభ్యంతరం. తీవ్ర వైకల్యంతో పుట్టిన బిడ్డ మీద పెట్టే ఖర్చుకు రాబడి రాకపోతే మానేస్తామా? బాల్యం బాల్యంగా బాగుండటం కూడా ఒక ఫలితమే కదా? నా వరకు ఈ అభ్యంతరం బలమైనదే. అయితే డబ్బు కేటాయించే గదుల్లో రాబడి లెక్కకే ఎక్కువ పలుకుబడి ఉందన్నదీ నిజం.

## అందరికా, కొందరికేనా?

లాభం ఎక్కువగా పేద పిల్లలకే అయితే డబ్బంతా వాళ్లకే పెట్టొచ్చుగా? కాగితం మీద ఇది తేలిక. 100 మంది పిల్లలు, 30 మంది పేదలు, 3,000 యూనిట్ల బడ్జెట్. అందరికీ పంచితే తలా 30, పేదలకే ఇస్తే తలా 100.

కాగితం దాటితే ఆ 30 మంది ఎవరో తేల్చాలి. ఆదాయ ధ్రువీకరణ తెచ్చుకోలేనివాళ్లు, నిరుడు బాగుండి ఈ ఏడు ఉద్యోగం పోయినవాళ్లు జారిపోతారు. 18 మందికే చేరితే మిగతా 12 మందికి దక్కేది సున్నా. పేద పిల్లలు మాత్రమే ఉండే కేంద్రం పాడైపోతుంటే గొంతెత్తి అడిగేవాళ్లు కూడా తక్కువ. అందరికీ ఇచ్చే వైపున్న ఇబ్బంది వేరు: కలిగినవాళ్లు ఎలాగూ పెట్టుకునే ఖర్చును ప్రభుత్వం నెత్తిన వేసుకుంటుంది, నాణ్యతకు మిగిలేది తక్కువ. రెండు వాదనల్లోనూ పస ఉంది. సీట్లు అందరికీ ఇచ్చి, పేద ప్రాంతాల కేంద్రాలకు అదనపు టీచర్లను, నిధులను ఇవ్వాలనే మధ్యేమార్గాన్ని సమర్థించేవాళ్లూ ఉన్నారు.

## కుర్చీలు ఖాళీ అయినప్పుడు

జపాన్‌లో 2016లో జననాలు తొలిసారి 10 లక్షల కంటే తగ్గాయి. 2023 నాటికి సుమారు 7.27 లక్షలకు చేరాయి. విచిత్రమేమిటంటే ఆ తగ్గుదల మధ్యలోనే, 2017లో, శిశు సంరక్షణ కేంద్రాల్లో సీటు కోసం 26,081 మంది పిల్లలు వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. ఎక్కువమంది తల్లులు ఉద్యోగాలకు వెళ్లడంతో గిరాకీ పెరిగింది. పిల్లలు తగ్గితే సీట్లు వాటంతటవే మిగులుతాయనుకునేవాళ్లకు ఇది మంచి ఉదాహరణ. ప్రభుత్వం కేంద్రాలు పెంచింది, 2019 అక్టోబరు నుంచి 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు ఫీజు తీసేసింది. జననాలు ఇంకా పడ్డాయి. 2023 నాటికి ఆ వెయిటింగ్ లిస్టు 2,680కి దిగింది.

పిల్లలు తగ్గిన చోట గది మూసేసి డబ్బు ఆదా చేసుకోవచ్చు, లేదా అదే టీచర్‌ను తక్కువమంది పిల్లలతో కొనసాగించవచ్చు. రెండో దారికి కొత్తగా ఖర్చేమీ లేదనిపిస్తుంది. నిజానికి ఉంది: ఒక్కో బిడ్డ మీద పడే జీతం పెరుగుతుంది, పిల్లల తలల లెక్కన నిధులిచ్చే పద్ధతిలో ఆ కేంద్రం నష్టాల్లోకి పోతుంది.

జపాన్ 2024 ఏప్రిల్‌లో నిబంధన మార్చింది. నాలుగైదేళ్ల పిల్లలు 30 మందికి ఒక టీచర్ చాలన్న లెక్క 1948 నుంచి అలాగే ఉంది. 76 ఏళ్ల తర్వాత దాన్ని 25కు తగ్గించారు. మూడేళ్ల పిల్లలకు 20 నుంచి 15కు తెచ్చారు. అయితే సరిపడా టీచర్లు దొరకరన్న భయంతో, కొంతకాలం పాత లెక్క ప్రకారమే నడుపుకున్నా ఫర్వాలేదని అదే నిబంధనలో వెసులుబాటు పెట్టారు.